యెండ్రి మోచెయ్యి

“తొంభై నాలుగు!” బంతి వేగం కొలిచే స్పీడు గన్ను చూసి బ్రౌలియో ఈల వేశాడు. “పదహారేళ్లకే గంటకి తొంభై నాలుగు మైళ్లు! ఎవరిస్తో, ఈ పిచర్ నాకే. నువ్వెళ్లి ఇంకో ఊళ్లో వెతుక్కో.”

ఎవరిస్తో నవ్వేసి ఊరుకున్నాడు కానీ కుర్రాడి మీంచి చూపు మాత్రం తిప్పలేదు. ఇద్దరూ చెరో అమెరికా బేస్‌బాల్ క్లబ్బుకి, బంతి విసిరే పిచర్లుగా పనికొచ్చే కుర్రాళ్లను వెతికిపెట్టే స్కౌట్లే. ఈసారి మంచి పిచర్‌ని తేకపోతే ఇంట్లో కూర్చోమని ఎవరిస్తోకి వాళ్ల క్లబ్బు చెప్పేసింది. బనీ ఊరి చివరి మైదానంలో యెండ్రి బంతి విసరడం చూశాక గానీ అతనికి పోయిన ప్రాణం లేచి రాలేదు.

విసిరిన ప్రతి బంతీ వాళ్లన్న వాస్కర్ చేతి తొడుగులో ఫట్‌మని పడుతోంది. వాస్కర్ మాత్రం దాన్ని చెయ్యెత్తకుండా, కిందినుంచే మెల్లగా తిరిగి అందిస్తున్నాడు.

“అన్నగారికి ఒళ్లు బరువు!” బ్రౌలియో వెక్కిరించాడు.

అంతలో యెండ్రి మొహం చిట్లించి మోచెయ్యి పట్టుకున్నాడు. “ఏం లేదు సార్, కాస్త సలుపుతోంది.”

“ఆ మాత్రం ఎవరికుండదురా!” అన్నాడు బ్రౌలియో. “ఇంకో పది వెయ్యి. తొంభై అయిదు చూపించావంటే సాయంత్రానికే ఒప్పందం మీద సంతకాలు!”

యెండ్రి మళ్లీ చెయ్యెత్తాడు. ఎవరిస్తో కంచె దూకి వెళ్లి బంతి లాక్కున్నాడు.

“చాలు. ఇవాళ ఇంకొక్కటి కూడా వద్దు.”

“నీకేమైనా పిచ్చా? సలుపున్న చేతిని నీ క్లబ్బు మాత్రం తీసుకుంటుందా? నీ ఉద్యోగం గోవిందా!”

“పోతే పోనీ. చెయ్యి పాడైతే వీడికి మళ్లీ ఎవడిస్తాడు?”

“అయితే ఆ పాడు సరుకు నువ్వే ఉంచుకో!” బ్రౌలియో మోటార్‌సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఎవరిస్తో తన సోడాల డబ్బాలోంచి ఐసు తీసి, తువ్వాల్లో చుట్టి యెండ్రి మోచేతికి కట్టాడు. ఉద్యోగం పోయినట్టేనని తెలుసు. బాధగానే ఉంది, అయినా చేసిన పనికి మనసు తేలికపడింది.

“తగ్గేదాకా బంతి ముట్టుకోకు. డాక్టరుకి నేనే చూపిస్తాను.”

వాస్కర్ దగ్గరికొచ్చి చొక్కా చెయ్యి పైకి లాగాడు. మోచేతి పొడవునా కుట్ల మచ్చ.

“నాతోనూ ఒక స్కౌటు ఇలాగే ‘ఇంకో పది, ఇంకో పది’ అన్నాడు సార్. ఆ తర్వాత ఈ చెయ్యి పైకి లేవలేదు.”

ఎవరిస్తో ఆ మచ్చ కేసి వంగి చూశాడు.

“కాగితాలు తియ్యండి సార్, సంతకం పెడతాం,” అన్నాడు వాస్కర్.

“ముందు చెయ్యి బాగుపడనివ్వయ్యా!”

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. యెండ్రి తువ్వాలు విప్పి, ఓ ఐసు ముక్క నోట్లో వేసుకుని కరకరా నమిలాడు.

“వీడి చెయ్యి భేషుగ్గా ఉంది సార్, పరీక్ష పెట్టింది మీకు!”