బామ్మర్ది తెచ్చిన డేటాబేస్

ఊరికే వస్తుందన్న మాట వినగానే పెద్దక్కకి అనుమానం వచ్చింది.

"ఈ రెండు డేటాబేస్‌లూ ఉచితమేనండి. ఓపెన్ సోర్స్. లోపల ఎలా రాశారో ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. మన కంప్యూటర్లకి ఏదో ఒకటి ఎంచుకోవాలి, అంతే" అన్నాడు బామ్మర్ది.

అతను యజమాని భార్యకి తమ్ముడు. యజమాని ఒక్కడికే బామ్మర్ది కావలసినవాడు, వెనకాల ఆఫీసు మొత్తానికీ బామ్మర్దే అయిపోయాడు.

అది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. ఏ భవనంలో లిఫ్టు ఆగినా ఈ గదిలోనే ఫోను మోగుతుంది. పెద్దక్కతో కలిపి నలుగురు మనుషులు, వాళ్ల ముందు నాలుగు ముసలి కంప్యూటర్లు. ఎక్కడ ఆగింది, లోపల ఎవరైనా ఇరుక్కున్నారా, ఏ మెకానిక్ వెళ్లాడు, అన్నీ వాటిలోకి ఎక్కించాలి. పాత ప్రోగ్రాం మొన్న చేతులెత్తేసింది. ఒక ఆసుపత్రి లిఫ్టు ఫిర్యాదుని మింగేసి, శుభ్రంగా నడుస్తున్న లిఫ్టు దగ్గరికి ఇద్దరు మెకానిక్‌లని పంపింది. కొత్త డేటాబేస్ పెట్టమని యజమాని బామ్మర్దిని దింపింది అప్పుడే.

అతను దిగిన వారంలోనే ఇంకో కబురు పాకింది. ఆఫీసులో మనుషుల్ని తగ్గిస్తారట. ఎవరన్నారంటే ఎవరూ చెప్పరు. ఆ రోజు నుంచి పెద్దక్కకి అన్నం సయించలేదు. భర్త నడుం పడిపోయి ఇంట్లోనే ఉన్నాడు. కూతురికి నర్సింగు ఆఖరి ఏడు. ఈ కుర్చీ పోతే ఆ ఇల్లు గడవదు.

అందుకే బామ్మర్ది మీద ఒక కన్నేసి ఉంచింది.

అతని వాలకం కూడా అలాగే ఏడిసింది. యజమాని గది తలుపు చప్పుడైతే చాలు, సగం మాట గొంతులోనే ఆపేస్తాడు. ఒక్కొక్కరి పక్కనా కుర్చీ వేసుకుని, మీరేం చేస్తారు, ఎలా చేస్తారు అని కూపీ లాగుతాడు. అంతా విని, చివరికి చిన్నదే మంచిదని తేల్చాడు. డేటా అంతా ఒక్క ఫైలులో ఉంటుందట. అది ఆ మూల కంప్యూటర్లో కూర్చుంటుందట. బయటినుంచి ఎవరూ తెరవలేరట.

"మరి నలుగురం ఒకేసారి ఎక్కిస్తే?" అని పెద్దక్క అడిగింది.

"ఒకసారికి ఒక్కరే రాయగలరు. మిగతావాళ్లు రెప్పపాటు ఆగాలి. ఆగినట్టు మీకు తెలియను కూడా తెలియదు."

ఒక్కరే! పెద్దక్క గదంతా ఒకసారి కలయజూసింది. నాలుగు కుర్చీలున్న చోటికి ఒక్కరు రాసే సరుకు ఎందుకు తెస్తున్నట్టు? మూడు కుర్చీలు ఎత్తేయడానికి కాకపోతే.

భోజనాల వేళ మిగతా ముగ్గురికీ విడమరిచి చెప్పింది. ఫోనులో అరిచి మాట్లాడే పొడుగాయన పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గుసగుసలాడాడు. బావ ఉప్పు తింటున్నవాడు బావ పాట పాడక ఏం చేస్తాడన్నాడు.

మర్నాడు పెద్దక్క నిలదీసింది. ఆ పెద్దది ఎందుకు వద్దు? ఈ ముసలి కంప్యూటర్లు దాని బరువు మోయలేవన్నాడు. నేర్చుకోవడం కష్టమన్నాడు. చెడిపోతే బాగుచేసే దిక్కుండదన్నాడు. చెబుతున్నంతసేపూ ఆమె మొహంకేసి చూడనే లేదు.

"ఈ ఒక్కసారికి నా మాట నమ్మండి పెద్దక్కా" అన్నాడు ఆఖరికి.

నమ్మమని బతిమాలేవాణ్ణి పెద్దక్క అసలే నమ్మదు. ఆ సాయంత్రమే తోడికోడలికి ఫోను చేసింది. ఆవిడ మందుల గోడౌన్ ఆఫీసులో పనిచేస్తుంది. వాళ్లవి ఇంతకంటే డొక్కు కంప్యూటర్లు. వాటి మీదే ఆ పెద్ద డేటాబేస్ నిక్షేపంలా నడుస్తోందట.

అబద్ధం దొరికిపోయింది. ఇక పెద్దక్కని ఆపేవారెవరు? పొద్దున్నే నేరుగా యజమాని గదిలోకి వెళ్లింది.

మీ బామ్మర్ది చెప్పింది నిజం కాదంది. పెద్దదే పెట్టించమంది. ఒకేసారి ఇరవైమంది రాసుకోవచ్చు, ఎక్కడ కూర్చునైనా తెరుచుకోవచ్చు, కావాలంటే మా తోడికోడలి ఆఫీసుకి వెళ్లి చూడండంది.

యజమాని కళ్లజోడు తీశాడు. "ఎక్కడినుంచైనానా? మన పాత కంప్యూటర్లతోనే?"

"అవును సార్. మీవాడు మీకు చెప్పలేదంతే."

"కుదరదన్నాడే వాడు." ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ నవ్వాడు. "సరేనమ్మా, మీరు చెప్పినట్టే కానిద్దాం."

గది బయటికొచ్చిన పెద్దక్క చుట్టూ ముగ్గురూ మూగారు. నువ్వు లేకపోతే మా బతుకులు ఏమయ్యేవి అక్కా అని పొడుగాయన కళ్లు తుడుచుకున్నాడు. ఆ రాత్రి ఆవిడ కడుపునిండా తిని, హాయిగా నిద్రపోయింది.

బామ్మర్ది పెద్దదాన్నే పెట్టాడు. సోమవారం నలుగురూ ఒకేసారి ఫిర్యాదులు ఎక్కించారు. ఎవరూ ఎవరికోసమూ ఆగలేదు. పొడుగాయన మళ్లీ ఫోనులో అరవడం మొదలుపెట్టాడు.

బామ్మర్ది నేలమీద కూర్చుని మిగిలిన వైర్లు చుట్టుకుంటున్నాడు. గెలిచిన ఊపులో పెద్దక్క అతని దగ్గరికి వెళ్లింది.

"ఇప్పుడైనా చెప్పు తమ్ముడూ. ఆ చిన్నదాన్ని మాకు అంటగట్టాలని ఎందుకంత తాపత్రయపడ్డావు?"

అతను యజమాని గది తలుపుకేసి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మీ నలుగురి పనీ వేరే ఊళ్లో చవగ్గా చేసేవాళ్లకి అప్పగించేద్దామని బావ ఇంట్లో అంటుంటే విని, ఈ గది దాటి బయటికి పోలేనిదాన్ని వెతికి వెతికి పట్టుకొచ్చాను పెద్దక్కా."