తోడల్లుడి పేపరు

“సార్, నా పేపరు చూశారా?”

ప్రొఫెసర్ తల ఎత్తకుండానే కాఫీ కప్పు వైపు చేయి చూపించాడు. ఆమె రాసిన పరిశోధన పేపరు కప్పు కింద భద్రంగానే ఉంది. నాలుగు నెలలుగా అక్కడే ఉంది. మొదటి పేజీ మీద గోధుమరంగు సున్నాలు ఒకదాని మీద ఒకటి పడి, పేపరు పేరూ, ఆమె పేరూ ఎప్పుడో కనుమరుగయ్యాయి.

“చూస్తానమ్మా. తొందరేముంది?”

“శుక్రవారంలోపు జర్నల్‌కి పంపకపోతే నా థీసిస్ తీసుకోరు సార్. ఐదేళ్ల పని.”

“శుక్రవారానికి ఇంకా మూడు రోజులుందిగా!” అన్నాడాయన, ఆ మూడు రోజులూ తనే దానం చేస్తున్నట్టు.

ఆమె చంకలో ఉన్న ఇంకో కాగితాల కట్ట తీసి టేబుల్ మీద పెట్టింది.

“ఇది జర్నల్ వాళ్లది సార్. మీ అభిప్రాయం కావాలట.”

పైన పేరు చూడగానే ప్రొఫెసర్ వీపు నిటారుగా అయింది. అది ఆయన తోడల్లుడి పేరు.

ఇద్దరూ ఒకే ఇంటి అల్లుళ్లు. ఇద్దరి పరిశోధనా వైరస్‌ల మీదే, వాటితో పోరాడే రక్తకణాల మీదే. మామగారికి తెల్లకణం అంటే ఏమిటో తెలియదు గానీ, పెద్దల్లుడి కంటే చిన్నల్లుడే తెలివైనవాడన్న సంగతి మాత్రం ఖాయంగా తెలుసు. ఆ మాట ఒకసారి అందరూ భోంచేస్తుండగా అన్నాడు. ఇరవై రెండేళ్లయింది. మామగారు పోయాడు. మాట పోలేదు.

బంధువుల పేపర్ల మీద తీర్పు చెప్పకూడదని జర్నల్ నియమం. ప్రొఫెసర్ నియమం తప్పే మనిషి కాడు. తోడల్లుణ్ణి బంధువుగా ఎన్నడూ లెక్కపెట్టలేదు, అంతే.

సొరుగులోంచి ఎర్ర పెన్ను తీశాడు.

“కూర్చో. రాసుకో.”

జర్నల్ వాళ్ల మెయిళ్లు ఆయన తెరవడు. ప్రింట్లు తీసి పెట్టడం, ఆయన తిట్టే తిట్లని మర్యాద భాషలోకి మార్చి పంపడం ఆమె పని.

వైరస్ నెలల తరబడి ఒంట్లో తిష్ఠ వేస్తే, దాన్ని చంపాల్సిన కణాలు అలసిపోతాయి. శత్రువు కళ్లెదుటే తిరుగుతున్నా ఊరుకుంటాయి. అలా చేతులెత్తేసిన కణాల్ని ఎలుకల్లో మళ్లీ లేపగలిగామని ఆ పేపరు చెబుతోంది.

ప్రొఫెసర్ ఒక్క పేరా చదివాడు.

“దొంగ వెధవ!”

“ఎవరు సార్?”

“ఈ ఊహ నాది! మన మీటింగుల్లో వందసార్లు చెప్పాను. వాడి చెవిలో ఎవరు ఊదారంటావ్?”

ఆమె వైపు అనుమానంగా చూశాడు. ఆమె కీబోర్డు వైపు చూసుకుంది.

ఇక ఆయన ఆగలేదు. భోజనం మరిచాడు. డైరెక్టర్ ఫోన్ చేస్తే పనిలో ఉన్నానన్నాడు. చాలా ఏళ్ల తర్వాత అది నిజం. తన విద్యార్థులు రాసింది చదవబోతే ఆయనకి రెండో పేజీలోనే కునుకు పట్టేది. పగతో చదివితే కామా కూడా తప్పించుకునేది కాదు. ఈ తేడా ఆయనకి తెలుసు. ఒకటి రెండుసార్లు ఒంటరిగా దాని గురించి ఆలోచించబోయాడు కూడా. లోపల ఏదో గుచ్చుకోవడంతో మానేశాడు.

“ఆరో పేజీ. కణాలకి రంగు పట్టించి లెక్కపెట్టాడు. చచ్చిన కణాల్ని ఏరెయ్యలేదు! చచ్చిన కణం ఏ రంగు పూసినా అంటించుకుంటుంది. అచ్చం మా వాడే. ఎవడు పొగిడినా ఒంటికి పూసుకుంటాడు.”

“అది కూడా రాయమంటారా సార్?”

“మర్యాదగా రాయి.”

“మరి దాన్ని సరిచేయాలంటే ఎలా సార్?”

“నీకెందుకు? వాడికి సాయం చేద్దామనా?”

“అబ్బే. నేర్చుకుందామని.”

ఆ గదిలో ఆ మాట వినబడి చాలా కాలమైంది. ప్రొఫెసర్ కరిగాడు. చచ్చినవాటిని మాత్రమే పట్టే రంగు కూడా కలిపే ఉంటారని, వాటిని తీసేసి లెక్క మళ్లీ చూస్తే సరిపోతుందని, అది ఒక పూట పనేనని చెప్పాడు. మూడో గ్రాఫులో గీత అంత ఎత్తుకి లేవడం స్కేలు సున్నా దగ్గర మొదలుపెట్టకపోవడం వల్లేనని పట్టేసి, సరైన గ్రాఫు తన చేత్తోనే గీసి చూపించాడు.

“ఎనిమిదో రోజు నుంచి ముప్పయ్యో రోజుకి గెంతాడు చూడు. పదిహేనో రోజు లెక్క ఏ నోటుబుక్కులోనో పడే ఉంటుంది. ఎక్కించడానికి బద్ధకం!”

ఆమె ముఖం ఎర్రబడింది.

సాయంత్రానికి పదిహేడు తప్పులు తేలాయి.

“మొత్తం మీద ఏమని రాయను సార్?”

ఆయన పెన్నుకి మూత పెట్టాడు. “ఇవన్నీ సరిచేస్తే...” నాలుకకి చేదు తగిలినట్టు ఆగాడు. “సరిచేస్తే గొప్ప పేపరే. కానీ వాడికంత బుర్ర ఎక్కడిది? తిప్పికొట్టమను.”

“అలాగే సార్.”

ఆ గొంతులో సంతోషం ప్రొఫెసర్‌కి నచ్చింది. ఈ ప్రపంచంలో తన పక్షాన ఒక్కరైనా ఉన్నారనుకున్నాడు.

కాగితాలు సర్దుకుని తలుపు దాకా వెళ్లి ఆమె ఆగింది. “మరి నా పేపరు?”

“నీదా?” కప్పు ఎత్తి, దాని కింది కట్ట ఆమె చేతికిచ్చాడు. “నా దగ్గర ఐదేళ్లు పనిచేశావు, తప్పులెందుకుంటాయి? పంపించెయ్. నా పేరు పెట్టావుగా?”

“పెట్టాను సార్. చివర.”

ఆమె తన సీటుకొచ్చి రెండు కట్టలూ పక్కపక్కన పెట్టుకుంది: మొదటి పేజీలో తను మార్చిన పేర్లు తప్ప రెంటికీ అక్షరం తేడా లేదు.