జరగని బల్ల

"మాపటేళ ఇంట్లోనే ఉంటావా, బయట తిరుగుతావా?"

గది అద్దెకు అడగడానికి వచ్చిన కృపావరాన్ని ఇంటావిడ ఉమామహేశ్వరమ్మ అడిగింది అదొక్కటే.

"ఇంట్లోనే ఉంటానమ్మా. పిల్లోళ్ళ నోటుబుక్కులు దిద్దుకోవల్ల."

"అట్లయితే చేరిపో."

కృపావరానికి నమ్మబుద్ధి కాలేదు. ఆ ఏడు, 1983లో, నంద్యాల హైస్కూలుకు టీచరుగా వచ్చింది మొదలు అతను గది కోసం తిరగని వీధి లేదు. అందరూ నవ్వుతూనే లోపలికి పిలిచేవారు. పేరు చెప్పగానే, "అయ్యో, నిన్ననే వేరేవాళ్ళకు మాటిచ్చినాం సార్" అనేవారు. ఈమె పేరు విని కూడా తాళంచెవి చేతిలో పెట్టింది.

మిద్దె మీద ఒకే గది. నేలంతా మొజాయిక్ బండలు, మొహం కనపడేంత నునుపు. కిటికీ పక్కన టేకు బల్ల, కుర్చీ.

"అవి ఆడనే ఉండనీ సార్. పక్కకు మార్చొద్దు" అందామె.

చేరిన తర్వాత ఒక్కొక్క షరతే బయటపడింది. ముందు వాకిట్లోంచి రాకూడదు, పెరటి మెట్లెక్కాలి. కింద గట్టిగా మాట్లాడకూడదు. ఆమె భర్త ఓబులేసుకు పక్షవాతం. సరిగ్గా ఈ గది కిందే ఆయన మంచం. పలకరించడానికి కూడా పోకూడదు.

ఒకనాటి పొద్దున కృపావరం స్నానం చేసి కీర్తన అందుకున్నాడు. రెండో చరణంలో ఉండగా ఉమామహేశ్వరమ్మ పెరట్లోంచి పైకి చూసి చేతులు జోడించింది.

"పాడొద్దు సార్. నీ గొంతు కిందికి వినపడగూడదు."

అతని గుండె చివుక్కుమంది. ఇల్లిచ్చిందన్న మాటే గానీ ఈమె కూడా వాళ్ళలాంటిదే అనుకున్నాడు. ఆనాటి నుంచి పెదవులు మాత్రం కదిపి పాడుకున్నాడు.

అర్థం కానిది ఇంకొకటి ఉంది. శనివారం బడి కాగానే అతను ఆళ్ళగడ్డలో అమ్మ దగ్గరికి వెళ్ళేవాడు. ఆదివారం బస్సు ఆలస్యమైతే ఈమె పెరట్లో నిలబడి ఎదురుచూస్తూ ఉండేది. అతన్ని చూడగానే ఏమీ అడగకుండా లోపలికి పోయేది.

వీటన్నిటికీ అలవాటు పడ్డాడు గానీ, ఆ బల్లతోనే వేగలేకపోయాడు. మోచేతులానించి దిద్దడం మొదలుపెడితే చాలు, కిర్రుమంటూ గోడ వైపు జారిపోయేది. లాక్కుంటే మళ్ళీ కిర్రు. బల్ల ముందుకు పోతుంటే కుర్చీ వెనక్కి జారేది.

ఆ చప్పుడు గురించి ఉమామహేశ్వరమ్మ ఒక్క మాటా అనలేదు. అననందుకే అతనికి భయం. పాటనే ఓర్చుకోలేని మనిషి, మంచాన పడ్డ భర్త నెత్తి మీద ఈ రొదను ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? రేపో మాపో ఖాళీ చెయ్యమంటుంది. మళ్ళీ వీధులు పట్టుకుని తిరగాలి.

భయం ఒక్కటే కాదు, జాలి కూడా. ఒక సాయంత్రం నీళ్ళు తోడుకోవడానికి దిగినప్పుడు కిటికీలోంచి ఆ పెద్దాయన కనిపించాడు. కళ్ళు తెరుచుకుని పైకప్పు వైపే చూస్తున్నాడు. పాపం, నావల్లే నిద్ర పట్టడం లేదు కాబోలు అనుకున్నాడు కృపావరం.

కాగితాలు మడిచి కాళ్ళ కింద పెట్టాడు. జారిపోయాయి. తడిపిన గోనెపట్ట వేశాడు. అది ఎండి బల్లతోపాటే జారింది. ఆ శనివారం ఆళ్ళగడ్డలో మేనమామ యోహాను సైకిలు షాపు నుంచి పాత ట్యూబు ముక్కలు తెచ్చుకున్నాడు. ఆదివారం తిరిగి రాగానే బల్లకూ కుర్చీకీ ప్రతి కాలి కిందా సొల్యూషన్ పూసి, రబ్బరు ముక్కలు అంటించి, ఆరబెట్టాడు.

మరునాడు ఒళ్ళంతా మోపి ఆనుకున్నా బల్ల కదల్లేదు. కిర్రు లేదు, కర్రు లేదు. ఆ వారం పుస్తకాలు సగం సేపట్లోనే అయిపోయేవి.

గురువారం చీకటి పడేవేళ మెట్ల మీద అడుగుల చప్పుడైంది. గది చూపించిన రోజు తర్వాత ఎన్నడూ పైకి రాని ఉమామహేశ్వరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి. ఖాళీ చెయ్యమనడానికే వచ్చిందని కృపావరం లేచి నిలబడ్డాడు.

"బల్లకేం జేసినావు?"

"రబ్బర్లు అంటించినానమ్మా. ఇంక చప్పుడు రాదు. పెద్దాయనకు ఇబ్బందని..."

ఆమె నేల మీద చతికిలబడింది. బల్ల కాలు పట్టుకుని, రబ్బరును గోళ్ళతో గీకసాగింది.

"పీకెయ్ నాయనా. నీకు పున్నెముంటది, పీకెయ్."

ఆమె అతన్ని నాయనా అనడం అదే మొదలు.

"ఏమైందమ్మా?"

"ఆయన మెతుకు ముట్టలే. పైన చప్పుడు ల్యాదేందే, ల్యాదేందే అని పొద్దస్తమానం అదే అడుగుతాండాడు."

కృపావరం అయోమయంగా చూశాడు.

"ఈ గది మా మద్దిలేటిది. మాకు ఒక్కడే కొడుకు. చదువు మానుకోని సేద్యం జెయ్ అన్యాడు ఈయన. వాడు ఇనలే. మాటా మాటా పెరిగి, 'నా కండ్ల ముందరికి రావద్దురా' అనేసినాడు. వాడు మిద్దెక్కినోడు మల్లా నాయన ముందరికి దిగలే. ఆ నెల్లోనే ఈయనకు కాలూ చెయ్యీ పడిపోతే కర్నూలు ఆస్పత్రిలో పెట్టినాం." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇన్నాళ్ళకు ఈపొద్దు వాని మాట ఎత్తినాడు. 'తప్పు నాదే, వాన్ని కిందికి రమ్మను, ఒక్కసారి చూడల్ల' అంటాండాడు."

కృపావరానికి ప్రాణం లేచి వచ్చినట్టయింది.

"మంచి మాటే గదమ్మా! మద్దిలేటి యాడుండాడో చెప్పండి, నేను పోయి పిల్చుకోనొస్తా."

ఉమామహేశ్వరమ్మ బల్ల కాలు వదలకుండానే తలెత్తింది.

"ఈయన ఆస్పత్రిలో ఉన్నప్పుడే కామెర్లొచ్చి పోయినాడు నాయనా వాడు, పైన బల్ల జరుపుతాండేది వాడేనని నేనే ఈయన్ను ఇన్నాళ్ళూ నమ్మించుకుంటా వచ్చినా."