రెండో తాళంచెవి

“సోఫా ఎక్కిందేటి? ఆయనకి మాత్రం సెప్పకు మాహిరా,” అంటూ సూర్యకళ కుక్క వెంట్రుకల్ని గబగబా దులిపింది.

భర్తతో తిరుపతి వెళ్లి వారానికి ఇల్లు చేరింది ఆమె. అన్నాళ్లూ పెందుర్తిలోని ఆ ఇంటినీ, కుక్క బుజ్జినీ కనిపెట్టుకుని ఉన్నది మాహిరాయే.

“వారమంతా దానిమీదే తొంగున్నాదక్కా. నన్ను సూత్తే ఒకటే గెంతులు!”

వాకిట్లో కారు తలుపు వేసిన చప్పుడైంది. తాళాల గుత్తి గలగలమంది.

బుజ్జి తోక ఆగిపోయింది. బల్ల కిందికి పాకి, మూతి నేలకి ఆనించింది. దాని కింద తడి మెల్లగా పరుచుకుంది.

సూర్యకళ భర్త గురువులు నవ్వుతూ లోపలికొచ్చాడు.

“సూసావా, మా కుక్కకి ఎంత మర్యాదో! నానొత్తే కుయ్యిమనదు.”

మాహిరా సూర్యకళ వైపు తిరిగింది. ఆమె కూడా గోడకి ఒదిగి, నేలచూపులు చూస్తూ నిలబడి ఉంది.

ఊరెళ్లినవాళ్ల ఇళ్లు కనిపెట్టుకుని ఉండే ఇన్నేళ్ల పనిలో మాహిరా ఏ ఇంటి తాళంచెవీ తన దగ్గర ఉంచుకోలేదు. ఇవాళ మాత్రం సూర్యకళ ఇచ్చి వెళ్లిన రెండింట్లో ఒకటే బల్లమీద పెట్టింది. రెండోది పిడికిట్లోనే ఉండిపోయింది. అది సూర్యకళ చూసింది.

“రెండోదేదీ?” అన్నాడు గురువులు.

మాహిరా నోరు తెరిచేలోగా సూర్యకళ అంది: “నాను ఒకటే ఇచ్చానండి.”

గురువులు చాలాసేపు భార్యనే చూశాడు.

“అలాగా. సరే, నువ్వెల్లమ్మా మాహిరా. తలుపేసి ఎల్లు.”

మాహిరా తలుపు వేసింది. మెట్లు మాత్రం దిగలేదు.