నాలుగు గంటల టిక్కు

“ఎనిమిదో మంచం తాతగారు మూడింటికే పోయారు. నాలుగింటికి ఎడమ పక్కకు ఎవర్ని తిప్పావమ్మా, ఆయన ఆత్మనా?” చార్టు చూపుతూ అడిగింది హెడ్‌నర్సు.

చిన్న నర్సు తల దించుకుంది. “పొద్దున్నే అందరివీ రోజంతటి టిక్కులు పెట్టేస్తాం మేడమ్. నలభై మంచాలకి ఇద్దరం. తిప్పితే రాయలేం, రాస్తే తిప్పలేం.”

“మరి పడక పుండ్లు సగానికి తగ్గాయన్న లెక్క?”

“అదీ మేం రాసిందే. మీరేమో అంత ఆశగా అడిగేవారు...”

రెండు గంటలకోసారి పక్క మారిస్తే పుండ్లు పడవని రుజువు చూపి, మరో నలుగురు నర్సులను కోరాలని హెడ్‌నర్సు ఆర్నెల్లుగా ఆ కాగితాలే పోగు చేసింది. సూపరింటెండెంటు జవాబు చేతిలోనే ఉంది: “అద్భుత ఫలితాలు. ఇద్దరితోనే ఇంత సాధ్యమైనప్పుడు అదనపు సిబ్బంది అనవసరం.”

ఎనిమిదో మంచం మీదకు మరొకరిని ఎక్కిస్తున్నారు. చిన్న నర్సు కొత్త చార్టు తీసింది.

“రాయకు,” అంది హెడ్‌నర్సు. “తిప్పగలిగినంతమందిని తిప్పు.”