చార్మినార్ గాజులు

ముప్పై ఏళ్లు జగ్గయ్యపేట నుంచి హైదరాబాదుకు సిమెంటు లారీ తోలాను. ట్రిప్పుకో డజను చార్మినార్ గాజులంటూ తెచ్చి, మా ఆవిడ రసూల్‌బీకి ఆ బజారు సందడిని కథలుగా చెప్పేవాణ్ణి. నిజానికి సిమెంటు దించేది ఊరి బయటే. ఆపైన లారీ కింద నిద్ర. ఆ నిద్ర సుఖం రాయాలంటే ఇంకో పోస్టుకార్డు కావాలి.

"ఈ రంజాన్‌కి నాకూ చూపించండి" అంది. పరువు కోసం బయల్దేరాను.

చార్మినార్ ముందు దీపాలు, అత్తరు, జనం! మతిపోయింది.

"గాజుల కొట్లెటండీ?"

ఎటో చూపించాను. పకపకా నవ్వి, ఎవరినో అడిగి, నా చెయ్యి పట్టుకుని ఎదురు దిక్కుకు పరుగు తీసింది.

"మీరు తెచ్చిన ప్రతి డబ్బా మీదా జగ్గయ్యపేట కొట్టు పేరే ఉందండీ!"

"మరి అప్పుడే అడగలేదేం?"

"అడిగితే ఒప్పేసుకునేవారు. ఇవాళ నన్నిక్కడికి తీసుకొచ్చేదెవరు?"