వాసన పోయేదాకా

"దిగండి! అందరూ దిగండి! పెట్రోలు పోయాలె!"

పడవ నడిపే దూలయ్య కేకకు, కూనవరం సంతకు బయలుదేరినవాళ్లంతా గొణుక్కుంటూ ఒడ్డుకు దిగారు. వెదురు కంట్రాక్టరు వెంకటప్పయ్య మాత్రం కదల్లేదు. కాలు మీద కాలేసుకుని సిగరెట్టు తీసి పెదాల మధ్య పెట్టుకున్నాడు.

"పోసుకోవయ్యా, నేనేమన్నా అడ్డమా? పది గంటలకల్లా నేనక్కడ ఉండాలి."

అతని జేబులోంచి అగ్గిపెట్టె బయటికి రావడం చూశాడు దూలయ్య. ఒక్క ఉరుకున వెళ్లి లాక్కుని గోదాట్లోకి విసిరేశాడు. రెక్క పట్టుకుని అతన్ని ఒడ్డుకు ఈడ్చుకొచ్చాడు.

"నేనెవర్ననుకున్నావురా!"

దూలయ్య గరాటు పెట్టి పెట్రోలు పోశాడు. ఒలికిన చుక్కల్ని గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను దూరంగా ఇసుకలో పూడ్చాడు. పడవ అడుగు పలకలన్నీ ఎత్తి గాలికి వదిలాడు. వంగి వాసన చూశాడు.

పలక ఎత్తిన ప్రతిసారీ ఆ చప్పుడే వినిపిస్తుందతనికి. భగ్గుమన్న చప్పుడు. కిందటి ఎండాకాలం, ఇదే రేవు. నీళ్లలో పడి మునకలేస్తున్న తనకేసి పడవలో తనకు తోడుండే లచ్చయ్య మంటల్లోంచి చూసిన చూపు. ఏడాదైనా ఆ చూపు రెప్ప వేయలేదు.

"ఇంకా వాసనొస్తాంది. ఆగాలె," అన్నాడు.

వెంకటప్పయ్యకు ఒళ్లు మండిపోయింది. "ఆ లచ్చయ్యగాడు బీడీ ముట్టించి పడవ తగలబెడితే, ఇప్పుడు మేం ఎండలో మాడాలా? బుద్ధిలేని వెధవ!"

"ఆయన పెండ్లాం ఈడనే ఉంది, ఊకోండయ్యా," అన్నారెవరో.

చింతపండు గంప పక్కన భీమక్క తలొంచుకుని కూర్చుంది. ఏడాదిగా ఆ మాట ఎవరన్నా ఆమె అలాగే వింటోంది. బీడీ అని మొదట ఎవరన్నారో దూలయ్యకు తెలియదు. కాదని మాత్రం అతనేనాడూ అనలేదు.

ఇవాళ గొంతు ఆగలేదు.

"బీడీ గాదు," అన్నాడు. "ట్యాంకుల ఎంతుందో కనబడక నేనే అగ్గిపుల్ల గీసిన. లచ్చయ్య వద్దు వద్దనుకుంట నా చెయ్యి పట్టుకోనొచ్చిండు."

దూలయ్య భీమక్క ముందు కూలబడ్డాడు. దుమ్మెత్తి పోస్తుందనుకున్నాడు. మొహాన ఉమ్ముతుందనుకున్నాడు.

భీమక్క లేచింది. పడవలోకి వంగి వాసన చూసింది. గంప ఎత్తుకుని ఎక్కి, తన చోట కూర్చుంది. అప్పుడు నోరు విప్పింది.

"నాకెరుకే అన్నా. బీడీ నాదేనని పానం పోయేముందు దవాఖానాల పోలీసోళ్లకు రాయించింది ఆయనే. నువ్వు జైలుకు పోతే ఈ రేవుల మాకు పడవెవరు నడుపుతరన్నడు."